డాక్టరుగారికి రోజూ రీడింగులు పంపుతున్నా అమ్మకు రాత్రివేళ షుగరు పడిపోయింది: సందేశంలో ఏం రాయాలి?

గాజువాక నివాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అమ్మగారికి 64 ఏళ్లు, పదహారేళ్లుగా మధుమేహం ఉంది. మాత్రలు సరిపోకపోవడంతో రెండేళ్ల క్రితం ఉదయం, రాత్రి భోజనాలకు ముందు, త్వరగా పనిచేసేదీ నిదానంగా పనిచేసేదీ కలిసిన మిక్స్‌డ్ ఇన్సులిన్ మొదలుపెట్టారు. అమ్మ, నాన్నగారు విశాఖలోని గాజువాకలో ఉంటారు. నేను ఉద్యోగరీత్యా మధురవాడలో ఉంటున్నాను. అమ్మను క్లినిక్‌కు తీసుకువెళ్లాలంటే నగరం ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లి, టోకెను తీసుకుని, వంతు వచ్చేదాకా కూర్చోవాలి. ఒక రోజు సెలవు అందుకే పోతుంది. ఈ ఇబ్బంది చెప్పుకుంటే, మూడు నెలలకొకసారి నేరుగా చూపిస్తే చాలని, మధ్యలో రీడింగులు వాట్సాప్‌లో పంపమని డాక్టరుగారు దయతో ఒప్పుకున్నారు.

అప్పటి నుంచి మా పద్ధతి ఇది. అమ్మ పొద్దున్నే పరగడుపున వేలు గుచ్చి చూసుకుంటుంది, నాకు ఫోను చేసి అంకె చెబుతుంది, నేను దానిని డాక్టరుగారికి పంపుతాను. గత నెలలో వరుసగా 178, 192, 186, 201 వచ్చాయి. ఆ నాలుగు అంకెలు చూసి, రాత్రి ఇన్సులిన్ నాలుగు యూనిట్లు పెంచమని వారు సమాధానం రాశారు. పెంచాము. మూడో రోజు తెల్లవారుజామున మూడు గంటలకు నాన్నగారి దగ్గర నుంచి ఫోను. అమ్మ ఒళ్లంతా చెమటతో తడిసిపోయి, మాట తడబడుతూ, ఎదురుగా ఉన్నది ఎవరో తెలియనట్టు చూస్తోందట. మీటరులో 48 చూపించింది. అమ్మ ఇంకా మింగగలిగే స్థితిలో ఉంది కాబట్టి నాన్నగారు పంచదార నీళ్లు తాగించారు, పావుగంటలో తేరుకుంది. నేను వెళ్లేసరికి మంచం మీద కూర్చుని, నన్ను అర్ధరాత్రి పరుగెత్తించినందుకు నొచ్చుకుంటోంది.

ఆ తెల్లవారుజామునే అసలు సంగతి బయటపడింది. మోతాదు పెంచడానికి రెండు వారాల ముందు నుంచే ఆమెకు రాత్రి రెండు గంటల ప్రాంతంలో వణుకు, ఆకలితో మెలకువ వస్తోందట. వంటింట్లోకి వెళ్లి ఒక బెల్లం ముక్క, రెండు బిస్కెట్లు తిని మళ్లీ పడుకుంటోందట. పొద్దున్నే మేము చూసిన 190లు ఆ బెల్లం తాలూకు అంకెలు కావచ్చునని అప్పుడు తట్టింది. ఇంత జరుగుతుంటే నాకెందుకు చెప్పలేదని అడిగితే, ‘నువ్వు అంకె అడిగావు, అంకె చెప్పాను నాన్నా’ అంది.

డాక్టరుగారి మీద నాకు ఫిర్యాదు లేదు. వారికి నేను ఇచ్చినదే అంత. నేను తెలుసుకోదలచినవి ఇవి. డాక్టరుగారికి పంపే సందేశంలో ఏమేమి ఉంటే వారు సరైన నిర్ణయం తీసుకోగలుగుతారు? ఏ విషయాలు సందేశంలో పెట్టకూడదు? ఇన్సులిన్ మోతాదు ఇలా సందేశాల మీద మార్చడానికి అసలు నిబంధనలు ఒప్పుకుంటాయా? నేను మధ్యలో నిలబడి అమ్మ తరఫున మాట్లాడడం మేలు చేస్తోందా, కీడు చేస్తోందా?

విశ్రాంత నర్సు, మహారాణిపేట

బాబూ, మీ అమ్మగారు తేరుకున్నందుకు ముందుగా సంతోషం. మధుమేహ విభాగంలో చాలా ఏళ్లు రోగులకు ఇన్సులిన్ నేర్పించినదాన్ని కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

పరగడుపు అంకె ఒక్కటే పంపితే, అది ఇరవై నాలుగు గంటల్లో ఒక్క నిమిషానికి సంబంధించిన సమాచారం. ఉదయం షుగరు ఎక్కువగా ఉండడానికి రాత్రి ఇన్సులిన్ చాలకపోవడం ఒక కారణం. రాత్రి ఆలస్యంగా, ఎక్కువగా తినడం మరొకటి. తెల్లవారుజామున శరీరంలో కొన్ని హార్మోన్లు సహజంగా పెరగడం ఇంకొకటి. మీ ఇంట్లో జరిగినట్టు, అర్ధరాత్రి షుగరు పడిపోతే మనిషి ఏదో ఒకటి తినడం కూడా కారణమే. అంకె అన్నింటిలోనూ 190 గానే కనిపిస్తుంది, చికిత్స మాత్రం ఒకదానికొకటి పూర్తిగా వేరు. అందుకే మేము ఉదయం అంకెలు ఎక్కువగా వస్తున్నాయన్న ప్రతి ఒక్కరినీ రెండు మూడు రోజులు రాత్రి మూడు గంటలకు లేచి ఒకసారి చూసుకోమనేవాళ్లం. నిద్ర చెడుతుందని విసుక్కునేవారు, కానీ ఆ ఒక్క అంకె ఎన్నో పొరపాట్లను ఆపింది.

కాబట్టి రోజుకొక అంకె పంపడం మానండి. అత్యవసరం లేనప్పుడు వారానికి ఒకసారి, మూడు రోజుల వివరాలు కలిపి పంపండి. పరగడుపున, టిఫిన్ తిన్న రెండు గంటలకు, రాత్రి భోజనానికి ముందు, పడుకునే ముందు, వీలైతే ఒక రోజు తెల్లవారుజామున మూడింటికి చూసిన అంకెలు ఉండాలి. ప్రతి అంకె పక్కన ఏం తిన్నారు, ఎన్ని యూనిట్లు ఎన్నింటికి తీసుకున్నారు, ఆ పూట వంట్లో ఎలా ఉంది అన్నది రాయాలి. ఇడ్లీ తిన్న రోజుకూ చోడి (రాగి) అంబలి తాగిన రోజుకూ తేడా కనిపిస్తే అది డాక్టరుగారికి ఎంతో పనికివస్తుంది. వణుకు, చెమట, గుండెదడ, అర్ధరాత్రి ఆకలి, పీడకలలు, పొద్దున్నే తలనొప్పి, వీటిలో ఏది ఉన్నా సందేశం మొదటి వాక్యం అదే కావాలి, అంకెలు ఆ తరువాత.

ఒక సందేశం ఎలా ఉండాలో ఉదాహరణకు రాస్తాను. ‘సోమవారం. రాత్రి రెండింటికి వణుకుతో మెలకువ వచ్చింది, అప్పుడు చూస్తే 62, బెల్లం తిన్నాను. పొద్దున పరగడుపున 188. ఆదివారం రాత్రి ఇన్సులిన్ ఎనిమిదింటికి తీసుకున్నాను, భోజనం తొమ్మిదిన్నరకు చేశాను.’ ఇంత చిన్న సందేశం చదివిన ఏ డాక్టరూ మోతాదు పెంచమని రాయరు. ఇన్సులిన్‌కూ భోజనానికీ మధ్య గంటన్నర ఎందుకు పట్టిందని అడుగుతారు.

అంకె సరైనదేనా అన్నది కూడా చూసుకోవాలి. మన విశాఖలో సముద్రపు తేమ ఎక్కువ. స్ట్రిప్పుల డబ్బా మూత సరిగా మూయకపోతే స్ట్రిప్పులు చెడిపోయి తప్పుడు అంకెలు చూపిస్తాయి. మామిడిపండు ముట్టుకున్న చేత్తో వేలు గుచ్చుకుంటే షుగరు లేనిపోని ఎత్తున కనిపిస్తుంది. చేతులు నీళ్లతో కడిగి, పూర్తిగా తుడుచుకున్న తరువాతే చూసుకోవాలి. మీటరులో తేదీ, సమయం సరిచేసి ఉంటే దాని జ్ఞాపకంలో ఉన్న రీడింగులనే ఫొటో తీసి పంపవచ్చు, ఫోనులో చెప్పి రాయించుకోవడంలో దొర్లే తప్పులు తప్పుతాయి. వాడుతున్న ఇన్సులిన్ వయల్‌ను ఎప్పుడు తెరిచారో దాని మీద రాయండి. తెరిచిన ఇన్సులిన్ చాలా రకాల్లో నాలుగు వారాలకు మించి వాడకూడదు, అదీ 30 డిగ్రీలు దాటని చోట ఉంచితేనే. మన మే నెలలో వంటింటి అలమార అందుకు పనికిరాదు.

డాక్టరుగారు ఏదైనా మార్చమని రాస్తే, చేసే ముందు మీ మాటల్లో తిరిగి రాయండి. ‘రాత్రి ఇన్సులిన్ 18 నుంచి 22కు పెంచమన్నారు, ఉదయానిది మార్చవద్దన్నారు, సరేనా?’ అని అడగండి. క్లినిక్‌లో ఎదురుగా కూర్చోబెట్టి మేము తిరిగి చెప్పించుకునే పద్ధతి ఇదే, సందేశాల్లో దీని అవసరం ఇంకా ఎక్కువ.

జనరల్ ఫిజీషియన్, సీతమ్మధార

నిబంధనల గురించి అడిగారు కనుక ఆ భాగం నేను చెబుతాను. కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మార్చి 25న టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటి ప్రకారం నమోదైన వైద్యుడు వీడియో, ఆడియో, రాత సందేశం, ఈ మూడింటిలో దేని ద్వారానైనా సలహా ఇవ్వవచ్చు. వాట్సాప్ వంటి వేదికలు కూడా అందులోకి వస్తాయి. అదే జబ్బుకు అదే వైద్యుడిని గత ఆరు నెలల లోపు నేరుగా కలిసి ఉంటే దానిని ఫాలో-అప్‌గా లెక్కిస్తారు. ఆరు నెలలు దాటితే మళ్లీ మొదటి సంప్రదింపు కిందికే వస్తుంది, అప్పుడు రాయగల మందుల పరిధి తగ్గుతుంది. మెట్‌ఫార్మిన్ వంటి మందును కొనసాగించడం, దానికి తోడుగా సిటాగ్లిప్టిన్ అనే మరో షుగరు మాత్ర చేర్చడం వంటివి ఆ మార్గదర్శకాల్లోనే ఉదాహరణలుగా ఉన్నాయి. దూరం నుంచి తేల్చలేనని వైద్యుడికి అనిపిస్తే నేరుగా రమ్మని చెప్పే అధికారం, బాధ్యత రెండూ ఆయనవే. మందు రాస్తే రిజిస్ట్రేషన్ నంబరుతో, సంతకంతో చీటీ ఇవ్వాలి, సంప్రదింపు వివరాలు భద్రపరచాలి. ఒక వాక్యంలో ‘నాలుగు పెంచండి’ అని రాసి ఊరుకోవడం ఆ స్ఫూర్తికి తగినది కాదని నా అభిప్రాయం. మాలో చాలామందిమి ఆ పని చేస్తూనే ఉన్నాము, నేనూ చేశాను.

మీ నాలుగో ప్రశ్నకు కూడా అందులో జవాబు ఉంది. కుటుంబసభ్యుడు రోగి తరఫున మాట్లాడవచ్చు, అయితే అందుకు రోగి అనుమతి ఉన్నట్టు వైద్యుడికి తెలియాలి. అంతకు ముందు నేరుగా కలిసినప్పుడు రోగే పరిచయం చేసి ఉంటే అది సరిపోతుంది. చట్టం సంగతి అలా ఉంచండి. వైద్యం దృష్టితో చూసినా మధ్యలో మరొకరు ఉంటే కథ కురచైపోతుంది. పిల్లలు తల్లిదండ్రుల జబ్బును అంకెలుగా చెబుతారు, తల్లిదండ్రులు అదే జబ్బును నిద్రగా, ఆకలిగా, కాళ్ల మంటగా చెబుతారు. నాకు నిర్ణయం తీసుకోవడానికి కావలసింది చాలాసార్లు రెండవదే.

మా వైపు నుంచి ఒక మాట. సాయంత్రం ఓపీ ముగిసేసరికి నా ఫోనులో పదుల కొద్దీ సందేశాలు ఉంటాయి. వాటిలో పెళ్లి పిలుపులు, ల్యాబ్ రిపోర్టులు, పేరు లేని అంకెలు కలిసిపోయి ఉంటాయి. ‘210 సార్’ అని వస్తే, అది ఎవరిది, ఎప్పటిది, ఏ మందుల మీద అన్నది వెతకడానికి నాకు పాత చీటీ కావాలి. అందుకే నా రోగులతో ముందుగానే ఒక ఒప్పందం చేసుకున్నాను. ప్రతి సందేశం మొదట పేరు, వయసు, ఇప్పుడు వాడుతున్న మందులు ఉండాలి. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది వరకు మాత్రమే నేను జవాబు రాస్తాను. ప్రాణాపాయం అనిపించేది ఏదీ సందేశంలో పెట్టకూడదు. మీరు కూడా మీ డాక్టరుగారిని అటువంటి ఏర్పాటు అడగండి, వారికీ అది ఊరటే అవుతుంది.

సందేశం కోసం ఎదురుచూడకూడనివి స్పష్టంగా చెబుతాను. షుగరు 70 కన్నా తగ్గితే ముందు చికిత్స, తరువాతే ఫోను. గ్లూకోజు గాని, పంచదార గాని సుమారు 15 గ్రాములు, అంటే మూడు చెంచాలు, నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. అప్పటికీ తక్కువగా ఉంటే మళ్లీ అంతే తీసుకోవాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోను చేయాలి. వాంతులు ఆగకపోవడం, ఆయాసం, మగతగా ఉండడం, షుగరు 300 దాటి దిగకపోవడం, పాదం మీద పుండు నల్లబడడం లేదా దుర్వాసన రావడం, ఛాతీలో నొప్పి, హఠాత్తుగా చూపు మందగించడం, వీటికి ఆసుపత్రి తప్ప మరో దారి లేదు. పాదం పుండును ఫొటో తీసి పంపి రెండు రోజులు జవాబు కోసం ఆగినవారిని చూశాను. లోపల ఎముక దాకా వెళ్లిన పుండు ఫొటోలో చిన్న గీతలా కనిపిస్తుంది.

దూరవైద్యం మీద నాకు నమ్మకం లేదని అనుకోకండి. 2015లో వెలువడిన కొక్రేన్ సమీక్షలో (అనేక వైద్య పరిశోధనల ఫలితాలను కలిపి బేరీజు వేసే నివేదిక), మామూలు వైద్యంతో పోలిస్తే దూరవైద్యం తోడైన మధుమేహ రోగులలో, సగటు షుగరును తెలిపే రక్తపరీక్ష అయిన హెచ్‌బీఏ1సీ సగటున 0.3 శాతం మేర ఎక్కువ తగ్గినట్టు తేలింది. చిన్న తేడాగా కనిపించినా విలువైనదే. అయితే హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల సగటు మాత్రమే. రాత్రి 48, ఉదయం 200 వచ్చే మనిషికీ, రోజంతా నిలకడగా ఉండే మనిషికీ అది ఒకేలా రావచ్చు. మీ అమ్మగారి కిడ్నీ పరీక్ష ఎప్పుడు చేయించారో చూడండి. కిడ్నీల పనితీరు తగ్గినప్పుడు ఇన్సులిన్ శరీరంలో ఎక్కువసేపు నిలిచి షుగరు ఇలాగే పడిపోతుంది. ఏడాదికొకసారి కళ్లు, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్, పాదాల స్పర్శ చూపించుకోవాలి. ఇవి ఏ ఫోనులోనూ జరగవు.

టైప్ 1, ఏయూ (ఆంధ్ర విశ్వవిద్యాలయం) విద్యార్థిని

నాకు పదకొండో ఏట టైప్ 1 మధుమేహం, అంటే శరీరంలో ఇన్సులిన్ దాదాపుగా తయారు కాని రకం, వచ్చింది. నేను షుగరును రోజంతా కొలుస్తూ ఉండే, చేతికి పెట్టుకునే సెన్సారు వాడుతున్నాను. దాని నివేదికను మా డాక్టరుగారు తన కంప్యూటరులోనే చూడగలరు, కాబట్టి నేను అంకెలు పంపను, కారణాలు పంపుతాను. పద్నాలుగు రోజుల గీత ఆవిడ ముందు ఉంటుంది. బుధవారం సాయంత్రం ఎందుకు పడిపోయిందో ఆ గీత చెప్పదు. ఆ సాయంత్రం నేను ఆర్కే బీచ్ వెంట ఐదు కిలోమీటర్లు నడిచానని, ముందు ఏమీ తినలేదని నేనే చెప్పాలి. 70 నుంచి 180 మధ్య రోజులో ఎంత సమయం గడిపానో చూసుకుంటాము. సాధారణంగా పెట్టుకునే లక్ష్యం 70 శాతం పైన, అలాగే 70 కన్నా కింద 4 శాతం లోపు. మొదట్లో పైన ఉన్న గీతను చూసి సిగ్గుపడి కారణాలు దాచేదాన్ని. ఆవిడ ఒకసారి, ‘నేను నీకు మార్కులు వేయడానికి చూడడం లేదమ్మా’ అన్న తరువాత రాయడం మొదలుపెట్టాను. మీ అమ్మగారు చెప్పకపోవడానికి కూడా బెల్లం తిన్నానంటే కోప్పడతారేమో అన్న జంకు ఉండి ఉండవచ్చు. దయచేసి ఆ కోణంలో ఒకసారి ఆలోచించండి.

సెన్సారు కొనే ఆలోచన ఉంటే రెండు సంగతులు తెలుసుకోండి. అది రక్తంలో కాకుండా చర్మం కింది ద్రవంలో కొలుస్తుంది కాబట్టి షుగరు వేగంగా మారుతున్నప్పుడు కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. ఆ చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే లేని లో షుగరు చూపించవచ్చు, అనుమానం వస్తే వేలు గుచ్చే చూసుకోవాలి. ఇంకొకటి, తోటి రోగుల గుంపుల్లో ధైర్యం, వంటల సలహాలు దొరుకుతాయి, నాకూ ఎంతో దొరికాయి. యూనిట్ల లెక్క మాత్రం అక్కడ ఎవరు చెప్పినా తీసుకోకండి.

సీహెచ్‌వో (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు), పాడేరు ప్రాంతం

క్లుప్తంగా రాస్తాను. మా ఆరోగ్య కేంద్రం నుంచి ఈ-సంజీవని అనే ప్రభుత్వ దూరవైద్య సేవలో డాక్టరుగారితో మాట్లాడించేటప్పుడు రోగి నా పక్కనే కూర్చుంటారు. బీపీ, బరువు, షుగరు నేను చూసి చెబుతాను, మిగతాది రోగి నోటి నుంచే రావాలని పట్టుబడతాను. సిగ్నలు పోయి మాట తెగితే, తిరిగి కలిసినప్పుడు మొదటి నుంచి చెప్పిస్తాను. మా వైపు సికిల్ సెల్ (వంశపారంపర్య రక్త వ్యాధి) ఉన్న కుటుంబాలు ఉన్నాయి. వారికి గాని, తీవ్రమైన రక్తహీనత ఉన్నవారికి గాని హెచ్‌బీఏ1సీ నమ్మదగినట్టుగా రాదు. అటువంటి రిపోర్టును ఫొటో తీసి పంపేటప్పుడు ఆ సంగతి కింద రాయకపోతే అవతలి డాక్టరుగారికి తెలిసే వీలు ఉండదు.

గాజువాక నివాసి

అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినవి చదివి ఆదివారం అమ్మ దగ్గరకు వెళ్లాను. ఇన్సులిన్ ఎనిమిది గంటలకు తీసుకుని, నాన్నగారు వచ్చేదాకా భోజనానికి ఆగుతోందని తెలిసింది. నాన్నగారు సాయంత్రం గుడికి వెళ్లి వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది. పదేపదే ఒకే చోట సూది వేసుకోవడం వల్ల పొట్ట మీద గడ్డలా కూడా ఉంది. ఇవేవీ నేను ఏడాదిలో ఒక్కసారీ అడగలేదు. బెల్లం గురించి ఆ విద్యార్థిని ఊహించినది నిజమే. పోయిన సంక్రాంతికి అరిసెల దగ్గర నేను విసుక్కున్నానట, అది మనసులో పెట్టుకుంది. ఆ మాట విన్నప్పుడు నాకు చాలా బాధ కలిగింది.

మంగళవారం సెలవు పెట్టి డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్లాము. రాత్రి మోతాదును పాత దానికన్నా కూడా తగ్గించారు, కిడ్నీ పరీక్షలు రాశారు, గడ్డ ఉన్న చోట సూది వేయవద్దన్నారు. ఇక నుంచి సందేశాలు అమ్మ ఫోను నుంచే వస్తాయని, నేను ఆ సంభాషణలో చదివేవాడిగా మాత్రమే ఉంటానని చెబితే ఎంతో సంతోషించారు. వారానికి ఒక రోజు, శుక్రవారం రాత్రి, జవాబు ఇస్తామని వారే సమయం పెట్టారు.

విశ్రాంత నర్సు, మహారాణిపేట

చాలా మంచి పని చేశారు బాబూ. గడ్డ ఉన్న చోట వేసిన ఇన్సులిన్ ఒక రోజు సరిగా ఎక్కదు, మరో రోజు ఒక్కసారిగా ఎక్కుతుంది. చోటు మార్చిన మొదటి వారాల్లో అదే మోతాదు ఎక్కువ ప్రభావం చూపవచ్చు, కాబట్టి ఈ రెండు వారాలు పడుకునే ముందు, తెల్లవారుజామున మూడింటికి తప్పకుండా చూడమనండి. తక్కువ వస్తే శుక్రవారం దాకా ఆగకుండా క్లినిక్‌కు ఫోను చేయాలి. అమ్మగారికి టైపు చేయడం కష్టమైతే మాట రికార్డు చేసి పంపమనండి, పుస్తకంలో రాసుకున్న పేజీ ఫొటో దానికి తోడైతే చాలు.

గాజువాక నివాసి

ఆమె అదే చేస్తున్నారండీ. నిన్న శుక్రవారం మొదటి సందేశం పంపింది, నేనూ విన్నాను. ‘నమస్కారం డాక్టరుగారూ, ఈ వారం రాత్రిళ్లు మెలకువ రాలేదు. బుధవారం మూడింటికి లేచి చూస్తే 118. గురువారం పొద్దున 146. నిన్న మా ఆయన గుడి నుంచి రాకముందే నేను భోంచేశాను’ అని ఆగి, కొంచెం సేపటి తరువాత, ‘బెల్లం తినలేదు, తినవలసిన అవసరం రాలేదు’ అంది.